ఎఱ్ఱ బంగాళాదుంప వంశచరిత్ర

బంగాళాదుంప మొక్కకు కాయ కాయునని మన గ్రామములలో పలువురు ఎఱుగరు. ఎఱుగకపోవుట వారి తప్పు కాదు. మన మైదానములలో శీతకాలపు పొట్టి పగళ్ళలో ఆ మొక్క పూయుటయే అరుదు. పూచినను కాయ నిలుచుట మఱింత అరుదు. చల్లని దేశములలో, ప్రొద్దు దీర్ఘముగా నుండు వేసవిలో, దానికి తెల్లనివో ఊదారంగువో పూవులు పూచి, పచ్చి టమాట పిందెల వంటి గుండ్రని కాయలు వ్రేలాడును. వంగ, మిరప, టమాట, వాకుడు, ఉమ్మెత్త దానికి జ్ఞాతులు. ఆ కాయ విషము, తినరాదు. కాని దానిలోని సన్నని గింజలు లేకున్నచో నేడు లోకము తినుచున్న బంగాళాదుంపలలో అనేకములు లేవు. అట్టి కాయనుండి పుట్టి, పెరటితోటలలో పెరిగి, దేశదేశములకు సంతానము నిచ్చిన ఒక ఎఱ్ఱతోలు తొలికారు దుంప కలదు. దాని పేరు ఎర్లీ రోజ్. త్వరగా కాపునకు వచ్చును గనుక ఎర్లీ అనియు, తోలు గులాబివన్నెది గనుక రోజ్ అనియు దానికి పేరు పెట్టిరి.

దుంపకును గింజకును గల భేదమును ముందుగా తెలిసికొనవలెను. రైతు దుంపను కోసి, ముక్కకు రెండు మూడు కన్నులుండునట్లు చూచి నాటును. అట్లు మొలచిన మొక్క తల్లికి బిడ్డ కాదు, తల్లియే. మల్లెకొమ్మను విఱిచి పాతినను, చెఱకు ముచ్చెను నాటినను జరుగునది ఇదియే. వేయి ఎకరములలో ఆ దుంపను నాటినను, వంశము దృష్టిలో అది యొక్కటే మొక్క. దానికి ఏ గుణము కలదో అంతటికిని అదే గుణము. ఏ దౌర్బల్యము కలదో అంతటికిని అదే దౌర్బల్యము. గింజనుండి పుట్టినది మాత్రము బిడ్డ. ఒకే కాయలోని గింజలు మొలచినను ఒకటి ఎఱుపు, ఒకటి తెలుపు; ఒకటి గుండ్రన, ఒకటి కోల; ఒకటి మూడు నెలలకు పండును, ఒకటి అయిదు నెలలకును పండదు. వానిలో పెక్కు తల్లికంటె హీనములు. ఎప్పుడో ఒకటి తల్లిని మించును. మంచి మామిడిపండు తిని టెంక పాతి, పదేండ్లు కాచుకొని పుల్లని కాయను చూచినవారికి ఇది వేఱుగా చెప్పనక్కరలేదు.

ఈ దుంప మన దేశపుది కాదు. దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా దేశముల ఆండీస్ కొండలలోని జనులు వేల ఏండ్లనుండి దీనిని సాగుచేయుచుండిరి. మంచు కురియు రాత్రులలో దుంపలను బయట పఱచి గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్ళతో త్రొక్కి నీరు పోగొట్టి, ఎండబెట్టి, ఏండ్ల తరబడి నిలువచేయు విద్య వారికి తెలిసియుండెను. స్పెయిను వారు ఆ దేశముల నాక్రమించిన పిమ్మట, 16వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ దుంప ఐరోపాకు చేరెను. మన కృష్ణదేవరాయలు 1529లోనే కీర్తిశేషుడయ్యెను. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి పెట్టిన భోజనముల వర్ణనను రుచి యెఱిగిన పాఠకులు మఱల మఱల చదువుదురు. అందు బంగాళాదుంపను వెదకి ప్రయోజనము లేదు. అది మన దేశపు పడమటి తీరమునకు పోర్చుగీసువారి కాలమున వచ్చి, ఇంగ్లీషువారి కాలమున కొండలకును వంగదేశమునకును వ్యాపించెను. సర్కారు జిల్లాలలో బంగాళాదుంప యనుట దాని రాకమార్గమును తెలుపుచున్నది. రాయలసీమలో ఉర్లగడ్డ యని తమిళపు పోలికతోను, తెలంగాణమున ఆలుగడ్డ యని హిందూస్థానీ పోలికతోను పిలుతురు. నేటికిని కొన్ని ఇండ్లలో తద్దినపు వంటలలో దీనిని వాడరు. పురోహితుడు కారణము చెప్పలేకపోవచ్చును గాని, కొత్తగా వచ్చిన కూర యను స్మృతి ఆ ఆచారములో నిలిచియున్నది.

ఐరోపాలో ఈ దుంపకు ప్రాణాధారముగ అలవాటుపడిన దేశము ఐర్లండు. అచ్చట భూమి పరాయి భూస్వాములది. కౌలుదారునకు మిగిలినది చిన్న చెక్క. ఆ చెక్కలో సంసారమును పోషింపగల పంట బంగాళాదుంప యొక్కటే. వారు నాటిన దానిలో అధికభాగము లంపర్ అను ఒకే రకము. 1845లో ఆకుమాడు తెగులు వచ్చి తగిలెను. తడి గాలిలో వ్యాపించు ఆ తెగులు ఆకును నల్లగా మాడ్చి, భూమిలోని దుంపను కుళ్ళజేయును. మఱుసటి సంవత్సరము పంట దాదాపు సాంతము పోయెను. ఆ కరవు ముగియులోపల సుమారు 10 లక్షలమంది మరణించిరి. అంతకు తక్కువగాని సంఖ్యలో జనులు ఓడలెక్కి దేశము విడిచిరి. 1841 జనాభా లెక్కలలో ఆ దేశపు జనులు 81 లక్షల పైచిలుకు మాత్రమే. జనులు మరణించుచుండగనే ధాన్యము రేవులనుండి ఎగుమతి యగుచుండెను. అంతకు కొలది ఏండ్లకు ముందే 1832-33లో గుంటూరు సీమను చూఱగొన్న నందన కరవును గూర్చి పెద్దలవలన వినినవారికి ఆ దృశ్యము కొత్త కాదు. అచ్చటను ఇచ్చటను పాలకులు ఒక్కరే.

తెగులునకు కారణమేమని పండితులు వాదించుకొనిరి. చలి యనిరి, వాన యనిరి, దైవకోప మనిరి. 1846లో బర్క్‌లీ యను ఇంగ్లీషు మతగురువు సూక్ష్మదర్శినిలో చూచి, ఇది ఒక శిలీంధ్రపు పని యని వ్రాసెను. వెంటనే నమ్మినవారు తక్కువ. పెక్కుమంది నమ్మిన సిద్ధాంతము మఱియొకటి: దుంపనే తరతరములుగ నాటుటచే ఆ జాతికి వార్ధక్యము వచ్చెననియు, అందుచే ప్రతి రోగమునకును లొంగుచున్నదనియు వారు తలచిరి.

అట్లు తలచినవారిలో ఒకడు చాన్సీ గుడ్రిచ్. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున యుటికా పట్టణపు వాడు. అచ్చటి పిచ్చివారి ఆసుపత్రిలో మతగురువు. అతడు శాస్త్రవేత్త కాడు. ప్రభుత్వపు పొలము లేదు, జీతగాండ్రు లేరు. ఐర్లండు కంటె ముందే, 1843లో, ఈ తెగులు అమెరికా తూర్పు తీరమున కనబడియుండెను. జాతి ముసలిదైనచో గింజ వేసి కొత్త తరమును పుట్టింపవలెనని అతని నిశ్చయము. పుట్టింటినుండియే కొత్త రక్తము తేవలెనని తలచి, 1851లో పనామాలోని అమెరికా రాయబారికి వ్రాసి, దక్షిణ అమెరికా దుంపలను కొన్నిటిని తెప్పించెను. వానిలో ముఱికి ఊదారంగు గలిగి, తోలు గరుకుగా నున్న ఒకదానికి రఫ్ పర్పుల్ చిలీ యని పేరు పెట్టెను. దాని కాయనుండి 1853లో ఒక మొలక వచ్చెను. దాని దుంప గోమేధికపు ఎఱుపు. అందుచే గార్నెట్ చిలీ యనిరి. 1857లో దానిని రైతుల కందజేసెను.

1849 మొదలు 1864లో మరణించు వఱకు గుడ్రిచ్ పెంచిన గింజమొలకలు సుమారు 15,000. ప్రతి మొలకను వేఱుగా పెంచి, వేఱుగా త్రవ్వి, వేఱుగా కట్టి, మఱుసటి ఏడు మఱల నాటి, లెక్క వ్రాసికొనవలెను. గట్టిగ నిలిచినవి పదింటికి మించవు. లెక్కల పుస్తకముతో పరిచయమున్నవారికి ఆ శ్రమ ఎట్టిదో తెలియును. అతని సిద్ధాంతము మాత్రము పొరపాటు. ఆకుమాడు తెగులునకు ముసలిదుంపయు పడుచుదుంపయు ఒక్కటే. గింజనుండి పుట్టినంతమాత్రమున దేనికిని రక్షణ రాదు. కాని అందులో సగము నిజము దాగియుండెను. దుంపనే నాటుచు పోయినకొలది దిగుబడి నిజముగనే తఱుగును. దానికి కారణము వార్ధక్యము కాదు, పేనుబంక మోసికొనివచ్చు వైరసు తెగుళ్ళు. ఆకు ముడుచుకొనిపోవుట, పొడలు పొడలుగ పాలిపోవుట వాని లక్షణములు. అవి దుంపలో చేరి ఏటికేడు పెరుగును. గింజలో ప్రవేశించునవి మాత్రము మిక్కిలి తక్కువ. ఈ సంగతి 20వ శతాబ్దమునగాని తేలలేదు. తప్పు సిద్ధాంతమును పట్టుకొని ఇంత సరియైన పని చేసినవారు చరిత్రలో అరుదు.

గుడ్రిచ్ తెచ్చిన చిలీ దుంపయే ఐరోపాను రక్షించెనని కొన్ని పుస్తకములలో వ్రాసియుందురు. అది అతిశయోక్తి. పాత కాలపు ఎండు ఆకుల నమూనాలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, చిలీ జాతి దుంప 1811 నాటికే ఐరోపాలో నున్నదని 2008లో తేల్చిరి. అమెరికా తోటల మాట వేఱు. అచ్చటి రకములలో అనేకముల వంశవృక్షమును వెనుకకు చదువుచు పోయినచో అది గార్నెట్ చిలీ యొద్దకు వచ్చి ఆగును.

ఆ వంశములో తొలి గొప్ప బిడ్డ ఎర్లీ రోజ్. వెర్మాంట్ రాష్ట్రపు కొండసీమలో హబ్బర్డ్టన్ అను చిన్న ఊరు కలదు. అచ్చటి రైతు ఆల్బర్ట్ బ్రిసీ 1861లో తన గార్నెట్ చిలీ మొక్కకు కాచిన కాయను దాచి, గింజలు తీసి వేసెను. వచ్చిన మొలకలలో ఒకటి తల్లికంటె ముందుగా పండెను. తోలు లేతగులాబి, కండ తెలుపు, ఆకారము కోల, రుచి కమ్మన. 1867, 1868 సంవత్సరములలో న్యూయార్కు విత్తన వర్తకులు దానిని పట్టణములలో చాటిరి. ఆ రెండు మూడేండ్లు అమెరికాలో బంగాళాదుంప పిచ్చి యని చెప్పదగిన వ్యామోహము పుట్టి, కొత్త రకము దుంపలకు విపరీతమైన వెలలు పలికెను. పిచ్చి చల్లారెను, ఎర్లీ రోజ్ నిలిచెను.

ఎందుకు నిలిచెనో పెరటితోట పెంచువారికి తేలికగ తెలియును. చల్లని దేశములలో ఆకుమాడు తెగులు వేసవి చివర, వానలు కురిసి గాలి తడిసినపుడు విజృంభించును. ఎర్లీ రోజ్‌కు ఆ తెగులును ఎదిరించు శక్తి లేదు. కాని అది మూడు నెలలలో దుంప నిచ్చును. దొంగ వచ్చువేళకు ధాన్యము గాదెలోనికి చేరిన యింటివలె, తెగులు వచ్చువేళకు తోట ఖాళీ యగును. వసంతమున మంచు విడువగనే, దుంపలను వెలుతురు తగులు చోట పఱచి కన్నులు పొట్టిగ, బలముగ మొలచునట్లు చేసి, నాలుగంగుళముల లోతున, మొక్కకును మొక్కకును అడుగు ఎడముగ నాటుదురు. మొక్క జానెడెదిగినపుడు ఒకసారియు, మఱికొంత ఎదిగినపుడు ఒకసారియు మొదటికి మన్ను ఎగద్రోయుదురు. ఈ మన్ను ఎగద్రోయుటలో ఏమరుపాటు కూడదు. వెలుతురు సోకిన దుంప పచ్చబడును. పచ్చబడిన భాగమున కాయలోని విషమే చేరును. ఎఱ్ఱతోలు దుంపలో ఆ పచ్చదనము కంటికి సులువుగ కనబడదు గనుక మఱింత జాగ్రత్త కావలెను. బొటనవ్రేలితో రుద్దిన తోలు రాలు దశలో త్రవ్వినవి వెంటనే వండుకొనుటకు; ఆకు పండి ఎండిన పిమ్మట త్రవ్వినవి దాచుటకు.

ఎర్లీ రోజ్‌కు కాయ కాచుట మిక్కిలి అరుదు. ఆ అరుదైన కాయ 1872లో ఒకనాడు మసాచుసెట్స్ రాష్ట్రమున లూనెన్బర్గు గ్రామములో ఒక తల్లి పెరటిలో కాచెను. చూచినవాడు ఆమె కుమారుడు లూథర్ బర్బ్యాంక్. అతడు 1849లో పుట్టెను. కళాశాల చదువు లేదు. సమీపమున లాంకాస్టర్ ఊరి గ్రంథాలయములో డార్విన్ 1868లో వెలువరించిన గ్రంథమును చదివియుండెను. పెంపుడు జంతువులలోను సాగు మొక్కలలోను సంతానము ఎట్లు భేదించునో అందు వివరించియున్నది. ఊరి గ్రంథాలయపు బీరువాలో ఒక పుస్తకము లేకున్నచో ఆ కాయను చూచినవాడు కలుపుమొక్క కాయవలె త్రోసివేసియుండును. గ్రంథాలయముల చరిత్ర వ్రాయువారు ఈ సంగతిని విడువరాదు.

కాయ పండువఱకు ఆగవలెనని అతడు దినదినము చూచుచుండెను. ఒకనాడు వచ్చి చూడగా కాయ లేదు. తోట యంతయు దినముల తరబడి వెదకి, మొక్కకు కొన్ని అడుగుల దూరమున నేలపై పడియుండగ కనుగొనెను. కుక్కయో పక్షియో దానిని త్రోసియుండును. అందు 23 గింజలు. మఱుసటి వసంతమున ఒక్కటియు వదలక నాటగా 23 మొలకలును లేచెను. ఒకదానిని పోలినది మఱియొకటి లేదు. వానిలో ఒకటి ఎఱ్ఱనిదే కాదు; తెల్లతోలు, పెద్ద కాయము, అధికమైన దిగుబడి. ఎఱ్ఱ తల్లికి పుట్టిన ఆ తెల్ల బిడ్డయే బర్బ్యాంక్ దుంప.

దానిని మార్బుల్‌హెడ్ అను రేవూరి విత్తన వర్తకుడు జేమ్స్ గ్రెగరీ 1875లో కొనెను. ఇచ్చినది 150 డాలర్లు. పది దుంపలను ఉంచుకొనుటకు మాత్రము అతడు సమ్మతించెను. యువకుడు ఆ పదింటితో రైలెక్కి, ఖండము దాటి, కాలిఫోర్నియాలో సాంటారోజా చేరెను. పిమ్మట యాబదేండ్లు ప్లమ్ పండ్ల జాతులను, పూవులను, ముండ్లులేని నాగజెముడును సృష్టించి లోకప్రసిద్ధుడయ్యెను. మనవారిలో పలువురు అతని పేరును వేఱొక దారిలో విన్నవారే: పరమహంస యోగానంద 1946లో ప్రకటించిన తన ఆత్మకథను ఈతనికే అంకితము చేసెను. ఆ దుంపనుండి వచ్చిన గరుకు గోధుమరంగు తోలు గల మార్పుడు రకమే రస్సెట్ బర్బ్యాంక్. అమెరికాలో మిక్కిలిగ సాగైన రకములలో అది యొకటి; పొడుగు ముక్కలుగ కోసి నూనెలో వేయించి అమ్ము అంగళ్ళకు కావలసిన కోలదనము దానికి కలదు.

ఇంతటి సంపదలో పుట్టించినవానికి చేరినది ఆ 150 డాలర్లే. బర్బ్యాంక్ 1926లో మరణించెను. 1930లో అమెరికా శాసనసభ కొత్త మొక్కలను పుట్టించినవారికి హక్కునిచ్చు చట్టమును చేసెను. చర్చలో అతని పేరు ఘనముగ స్మరింపబడెను. కాని దుంపచే నాటబడు పంటలను ఆ చట్టమునుండి మినహాయించిరి. ఆహారమును విత్తనమును ఒక్కటే యగుట కారణము. అనగా బర్బ్యాంక్ బ్రతికియున్నను బంగాళాదుంపకు మాత్రము హక్కు లభించెడిది కాదు. బ్రిసీకిని గుడ్రిచ్‌కును మిగిలినది పేరు. అదియు వంశవృక్షములు చదువువారి యొద్దనే. ఎర్లీ రోజ్ వంశము సముద్రములు కూడ దాటెను. దానినుండి వచ్చినదని చెప్పు ఐరిష్ కాబ్లర్ రకమును జపానులో ఒక బారన్ 1908 ప్రాంతమున హొక్కైడో ద్వీపములో నాటించెను. అచ్చటివారు నేటికిని దానిని బారన్‌దుంప యనియే పిలుచుచున్నారు.

మన దేశమునకు ఆకుమాడు తెగులు 19వ శతాబ్దపు చివరి భాగమున నీలగిరులకును డార్జిలింగునకును చేరెను. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో స్థాపింపబడి 1956లో సిమ్లాకు మారెను. మన ఎఱ్ఱదుంపల వంశము వేఱు. డార్జిలింగు రెడ్ రౌండు అను పాత రకమునుండి ఏరి 1958లో కుఫ్రీ రెడ్‌ను విడుదల చేసిరి. దాని బిడ్డ 1967 నాటి కుఫ్రీ సింధూరి. 1982లో కుఫ్రీ లాలిమ వచ్చెను. డాక్టరు పుష్కర్‌నాథ్ ప్రభృతులు మైదానములలోనే మంచి విత్తనపు దుంపను పెంచు పద్ధతిని రూపొందించిరి. పేనుబంక లేని చలికాలమున నాటి, అది విజృంభింపక పూర్వమే జనవరిలో ఆకును కోసివేయుదురు. వైరసు దుంపలోనికి దిగుటకు వ్యవధి యుండదు. గుడ్రిచ్ వార్ధక్యమని తలచిన దానికి నిజమైన చికిత్స ఇది. జహీరాబాదు ప్రాంతపు రైతులు అక్టోబరు నవంబరులలో నాటు దుంపకు ఉత్తరదేశపు విత్తనము తెచ్చుకొనుటకును కారణమిదియే. మన వేడిలో పేనుబంక ఎడతెగక యుండును. రాత్రి వేడిమి 20 డిగ్రీలకు మించినచో దుంప ఊరదు గనుక, మన పెరళ్ళలో కూడ తొలికారు రకమును దీపావళి నాటికి నాటి, శివరాత్రికి ముందుగ త్రవ్వుట మేలు.

మన రకములన్నిటి పేర్లకు ముందు నిలుచు కుఫ్రీ, సిమ్లాకు సమీపమున నున్న ఒక కొండ ఊరు. దాని వేసవి పగళ్ళు దీర్ఘములు. మైదానమున పూయని మొక్క అచ్చట విరగబూయును. కావున పూవునకు పూవును కలిపి కొత్త రకములను పుట్టించు పని అచ్చటనే జరుగును. పిందె దిగిన పిమ్మట ప్రతి కాయను పలుచని గుడ్డసంచిలో పెట్టి మొక్కకే కట్టుదురు. పండి రాలినను అది నేలమీద పడి పోదు.